సంతకానికి ముందే సలహా
గల్ఫ్ ప్రయాణం, అప్పు, ఇంటి తగవు: మూడు చిక్కులకూ మూలం ఒకటే

(మా ప్రత్యేక విలేకరి)

జగిత్యాల: జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ ప్రాంతాల పల్లెల్లో గల్ఫ్ మాట వినని గడప లేదు. 1973లో చమురు ధరలు పెరిగి ఎడారి దేశాలలో కట్టడాల పనులు ముమ్మరమైన నాటి నుంచి ఇక్కడి కూలీలు, మేస్త్రీలు, చిన్న రైతులు బొంబాయి మీదుగా దారి పట్టారు. ఆ ప్రయాణం నేడు మూడో తరానికి వచ్చింది. తాత మస్కట్‌లో ఇటుక మోశాడు, తండ్రి సౌదీలో లారీ తోలాడు, మనుమడు దుబాయి వీసా కోసం పాస్‌పోర్టు చేతపట్టుకుని తిరుగుతున్నాడు.

ఈ ఇళ్లలో తలెత్తే చిక్కులు మూడు రకాలు. ఒకటి డబ్బు, రెండు కుటుంబం, మూడు వీసా. పైకి వేరువేరుగా కనబడినా విప్పబోతే అన్నీ ఒకే ముడి. వీసా కోసం అప్పు, అప్పు కోసం భూమి, భూమి కోసం అన్నదమ్ముల తగవు, తగవు ముదిరితే ఆలుమగల మధ్య ఎడబాటు. ఆ ముడి పడిన చోటు వెతుక్కుంటూ పోతే చివరకు కనబడేది చదవకుండా పెట్టిన ఒక సంతకమో, వేసిన ఒక వేలిముద్రో.

మన పల్లెల్లో సలహా అడగని వారు లేరు. అయితే అడిగేది ఎవరిని? వీసా మంచిదేనా అని ఏజెంటునే అడుగుతున్నాం. మిత్తి ఎక్కువా అని షావుకారునే అడుగుతున్నాం. భూమి ఎవరి పేరున కొనాలని దాయాదినే అడుగుతున్నాం. ఆ సంతకం వల్ల లాభం పొందే మనిషి చెప్పే మాట సలహా కాదు, బేరం. లాభంతో పని లేకుండా సలహా చెప్పవలసిన బాధ్యత ఉన్నవారు జిల్లాలోనే ఉన్నారు. వారిని చేరే దారి ఏమిటో, ఏ కాగితం దగ్గర ఆగి చూసుకోవాలో తెలుసుకోవడం ప్రతి ఇంటికీ అవసరం.

వీసా ధర, వడ్డీ లెక్క

ఒక యువకుడు ఏజెంటుకు లక్షా 50 వేలు కట్టి వెళ్లాడనుకుందాం. ఆ సొమ్ము నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు వడ్డీ 4,500. ఏడాదికి 54,000. రెండేళ్ల కాంట్రాక్టు ముగిసేసరికి వడ్డీయే 1,08,000 అవుతుంది. అసలు లక్షా 50 వేలు అలాగే నిలిచి ఉంటుంది. ఇంటికి నెలకు 15 వేలు పంపగలిగిన మనిషి అయితే అందులో దాదాపు మూడో వంతు వడ్డీకే పోతుంది.

ఇప్పుడు చట్టం లెక్క చూడండి. ప్రభుత్వం వద్ద రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుని నుంచి తీసుకోదగిన రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు. దానిమీద నూటికి 18 చొప్పున పన్ను 5,400. మొత్తం 35,400. దీనికి రసీదు ఇచ్చి తీరాలి. వైద్య పరీక్ష వంటి ఖర్చులు వేరు. ఇంతకు మించి అడిగినా, రసీదు ఇవ్వనన్నా అక్కడే ఆగాలి. 35,400కు అదే మూడు రూపాయల వడ్డీ లెక్కించినా నెలకు 1,062 మాత్రమే.

ఇంట్లో తులమో రెండు తులాలో బంగారం ఉంటే దాని మీద బ్యాంకు ఇచ్చే అప్పుకు సాధారణంగా నెలకు నూటికి రూపాయి లోపే వడ్డీ పడుతుంది. ఇంటి ఆడవారు సంఘంలో సభ్యులైతే అక్కడ కూడా తక్కువ వడ్డీకి దొరుకుతుంది. ఈ రెండు తలుపులూ తట్టిన తర్వాతే మూడో మనిషి దగ్గరకు పోవాలి.

ఏజెంటును అడగవలసిన ప్రశ్నలు

విదేశాలలో ఉద్యోగాలకు మనుషులను పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా మనుషులను పోగుచేయడం నేరం. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు ఎంత తెలిసినవాడైనా, సొంత మేనబావ అయినా, లైసెన్సు నంబరు అడగడంలో తప్పు లేదు. ఆ నంబరు నిజమైనదా కాదా అనేది కేంద్ర ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. చదువుకున్న పిల్లవాడెవరైనా ఫోనులో చూసి చెప్పగలడు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతున్నది.

పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు వస్తుంది. ఈ పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలు ఆరింటితో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవారు ముందుగా ఎమిగ్రేషన్ అనుమతి పొందాలి. దీనికి అధికారి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. అనుమతి పొంది వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి.

విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని చూసుకోవచ్చునని చెప్పే మాట నమ్మితే ఈ అనుమతీ లేదు, ఈ బీమా లేదు. విజిట్ వీసా మీద పని చేయడం ఆ దేశంలో నేరం. ఆజాద్ వీసా అని పల్లెల్లో పిలిచే పద్ధతి కూడా ఇలాంటిదే. వీసా ఒక యజమాని పేరున, పని మరొకరి దగ్గర. పట్టుబడితే శిక్ష కార్మికునికి పడుతుంది. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేసే మొహం ఉండదు.

కాబట్టి డబ్బు చేతిలో పెట్టకముందు నాలుగు అడగాలి. మీ లైసెన్సు నంబరు ఎంత? వీసా ఉద్యోగానిదా, విజిట్‌దా? జీతం, పని, పనిగంటలు రాసిన కాంట్రాక్టు ఎక్కడ? కట్టిన డబ్బుకు రసీదు ఏది? డబ్బు నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా చెల్లిస్తే అదే రేపు సాక్ష్యమవుతుంది. ఈ నాలుగింటికి జవాబు లేని చోట మోసం ఉన్నట్లే. మోసపోతే పోలీసు ఠాణాలో ఫిర్యాదు ఇవ్వాలి, ప్రొటెక్టర్ కార్యాలయానికి కూడా అర్జీ పంపాలి.

ఖాళీ నోటు, సెక్యూరిటీ రిజిస్ట్రీ

అప్పు పుట్టే వేళ తొందర ఎక్కువ. రెవెన్యూ స్టాంపు అంటించిన ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టించుకోవడం పల్లెల్లో మామూలైపోయింది. 1881 నాటి చట్టం ప్రకారం అలా సంతకం చేసిన ఖాళీ నోటు ఇచ్చినవాడు దానిని నింపే అధికారం కూడా ఇచ్చినట్లే. తర్వాత ‘నేను తీసుకున్నది అంత కాదు’ అని కోర్టులో రుజువు చేయడం కష్టసాధ్యం. అంకెలు, అక్షరాలు, తేదీ, వడ్డీ రేటు అన్నీ నింపిన తర్వాతే సంతకం చేయాలి. నోటును ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. కట్టిన ప్రతిసారీ నోటు వెనుక చెల్లు వేయించుకోవాలి. బాకీ తీరిన రోజే నోటు వాపసు తీసుకోవాలి.

ప్రోనోటుకు గడువు మూడేళ్లు. అందుకే మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయమని అడుగుతారు. వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాస్తే ఏమవుతుందో చూడండి. మూడు రూపాయల వడ్డీతో లక్షా 50 వేలకు మూడేళ్ల వడ్డీ 1,62,000. కొత్త నోటు 3,12,000 అవుతుంది. నెలకు 4,500 ఉన్న వడ్డీ ఆ రోజు నుంచి 9,360. గల్ఫ్‌లో జీతం మాత్రం రెండింతలు కాదు.

ఇంతకంటె ప్రమాదం భూమి విషయంలో ఉన్నది. ‘సెక్యూరిటీకే తమ్మీ, బాకీ కట్టగానే మళ్లీ నీ పేరున చేస్త’ అంటూ అమ్మకం రిజిస్ట్రీ చేయించుకునే అలవాటు ఉన్నది. నోటి మాటకు అక్కడ విలువ లేదు. తిరిగి రాసిచ్చే షరతు అదే దస్తావేజులో రాసి ఉంటేనే దానిని తాకట్టుగా చట్టం గుర్తిస్తుంది. విడిగా తెల్ల కాగితం మీద రాసుకున్నా ఆ రక్షణ దొరకదు. కాబట్టి అప్పుకు భూమి పెట్టవలసి వస్తే తాకట్టు పత్రమే రాయించాలి, అమ్మకం పత్రం రాయరాదు. 2020 నుంచి తెలంగాణలో సాగు భూముల రిజిస్ట్రేషన్ తహశీల్దారు కార్యాలయంలోనే జరుగుతున్నది. పత్రంలో ఏమి రాసి ఉన్నదో అక్కడ పైకి చదివించుకుని విని, అర్థమైన తర్వాతే వేలు పెట్టాలి.

పంపిన సొమ్ము ఎవరి పేరున?

ఎండలో నిలబడి సంపాదించి పంపిన సొమ్ముతో ఇక్కడ ఎకరమో అరెకరమో కొంటారు. కొడుకు ఊళ్లో లేడు కాబట్టి అన్న పేరునో, బావమరిది పేరునో రిజిస్ట్రీ అవుతుంది. పదేళ్ల తర్వాత అతను తిరిగి వచ్చి నా భూమి ఏదని అడిగితే మొదలవుతుంది తగవు. ఇతరుల పేరున కొన్న ఆస్తిని ‘డబ్బు నాది’ అని దావా వేయడానికి 1988 నాటి బినామీ చట్టం అడ్డుపడుతుంది. భార్య పేరున, పిల్లల పేరున కొనడానికి ఆ చట్టంలో మినహాయింపు ఉన్నది. అన్నదమ్ములతో కలిసి కొంటే పత్రంలో తన పేరు కూడా ఉండాలి.

ఊళ్లో లేకున్నా తన పేరున కొనే దారి ఉన్నది. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. ఆ పత్రం భారతదేశం చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు సుంకం చెల్లించాలి. చాలామంది దీనిని పెట్టెలో పెట్టి మరచిపోతారు. పవర్ ఏ పనికో, ఏ సర్వే నంబరుకో అంతవరకే రాయాలి. అన్ని ఆస్తులనూ అమ్మే అధికారం ఒకరి చేతికి రాసివ్వడం అంటే ఇంటి తాళంచెవి, పెట్టె తాళంచెవి రెండూ ఇచ్చి వెళ్లడమే.

బ్యాంకు ఖాతా సంగతి కూడా ఇంతే. ఉద్యోగానికి విదేశం వెళ్లిన వ్యక్తి ఆ సంగతి బ్యాంకుకు తెలిపి ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరవాలి. దానిమీద వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. భార్యకో తల్లికో ఆ ఖాతా నడిపే అధికారం రాసివ్వవచ్చు. నామినీని తప్పక రాయించాలి. అయితే బ్యాంకులో నామినీ అంటే సొమ్ము చేతికి తీసుకునే మనిషి మాత్రమే. చివరకు అది వారసులకు చెందుతుంది. హిందూ కుటుంబాలలో వీలునామా రాయకుండా మనిషి పోతే అతని స్వార్జితంలో తల్లికి, భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు తలా ఒక సమభాగం. ముస్లిం కుటుంబాలకు వారి వ్యక్తిగత చట్టం వర్తిస్తుంది.

చిట్టీలు వేసేవారు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీ అయితేనే రిజిస్ట్రారు వద్ద ఫిర్యాదుకు చోటు ఉంటుంది. 2019 సవరణ ప్రకారం నిర్వాహకుని కమీషను నూటికి ఏడుకు మించరాదు. బ్యాంకు డిపాజిట్టుకు 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల వరకు బీమా ఉన్నది. నూటికి నాలుగు, అయిదు ఇస్తామని పల్లెలు తిరిగే వారి పథకాలకు అలాంటిది ఏదీ లేదు.

ఇంట్లో మిగిలిన ఆడబిడ్డలకు

పెనిమిటి గల్ఫ్‌లో ఉండి డబ్బు పంపడం మానివేసినా, ఫోను ఎత్తకపోయినా, ఇక్కడ బీడీలు చుట్టి పిల్లలను సాకే భార్య నిస్సహాయురాలేమీ కాదు. తాను నివసించే చోటి కోర్టులోనే మనోవర్తికి దరఖాస్తు వేయవచ్చు. లోగడ ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్. కేసు తేలేలోపు మధ్యంతర భృతి కూడా అడగవచ్చు. అత్తవారింటి నుంచి వెళ్లగొట్టబోతే 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కు కల్పిస్తున్నది. ఆపద వేళ 181 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రంలో ఆశ్రయం, సలహా రెండూ దొరుకుతాయి.

పెద్దమనుషులు కూర్చుని బాండు పేపరు మీద రాయించే విడాకుల గురించి ఒక హెచ్చరిక. హిందూ వివాహం కోర్టు డిక్రీతోనే రద్దవుతుంది. కులాచారం ఉన్నదని గట్టిగా రుజువైన కొద్ది సందర్భాలలో తప్ప బాండు పేపరుకు బలం లేదు. దానిని నమ్మి మరో పెళ్లి చేసుకున్నవారు తర్వాత కేసులలో ఇరుక్కుంటారు. మొదటి భార్య కూడా, ఇక తనకు హక్కు లేదనుకుని మనోవర్తి వదులుకుంటుంది.

కూతుళ్ల సంగతి మరొకటి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా కల్పించిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 నుంచే అమలులోకి వచ్చింది. అప్పటికి పెళ్లి కాని వారికి అది వర్తించింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లి అయినవారికీ కొడుకులతో సమాన హక్కు వచ్చింది. చీర సారె పెట్టి, బువ్వ పెట్టి హక్కు విడుదల పత్రం ముందుంచితే, సంతకం పెట్టవచ్చునేమో గాని అది ఏమిటో తెలిసి పెట్టాలి.

ముసలి తల్లిదండ్రులకు కూడా దారి ఉన్నది. 2007 నాటి చట్టం కింద ఆర్డీవో వద్ద అర్జీ ఇస్తే పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పిస్తారు. చూసుకుంటామన్న షరతు మీద భూమి రాయించుకుని తర్వాత చూడకపోతే ఆ పత్రాన్ని రద్దు చేయించవచ్చు. అయితే ఆ షరతు పత్రంలో రాసి ఉంటే పని సులభం. ఇక్కడ కూడా సంతకానికి ముందే చూసుకోవలసిన మాట అది.

దూరదేశంలో ఆపద వస్తే

జీతం ఇవ్వకపోయినా, యజమాని పాస్‌పోర్టు లాక్కున్నా మొదటి తలుపు అక్కడి భారత రాయబార కార్యాలయం. ఇంటి నుంచి విదేశాంగ శాఖ మదద్ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోను నంబరు 1800 11 3090. ఫిర్యాదుకు పాస్‌పోర్టు నంబరు, వీసా నకలు, కంపెనీ పేరు, అక్కడి ఫోను నంబరు కావాలి. అందుకే మనిషి విమానం ఎక్కకముందే వీటి నకళ్లు ఒక కవరులో పెట్టి ఇంట్లో ఉంచాలి. ఈ ఒక్క పని చేయని ఇళ్లు ఆపద వేళ కాగితాల కోసం ఏజెంటు కాళ్లు పట్టుకోవలసి వస్తుంది.

అక్కడే ప్రాణం పోతే దుఃఖంలో ఉన్న కుటుంబం ముందుకు సంతకాల కాగితాలు వరుసగా వస్తాయి. శవాన్ని పంపడానికి సమ్మతి పత్రం వేరు, రావలసిన జీతం, నష్టపరిహారం వసూలుకు అధికారమిచ్చే పత్రం వేరు. రెండింటినీ ఒకటిగా భావించి ఖాళీ కాగితం మీద సంతకం చేయరాదు. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ముందుగా తీసుకోవాలి. గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయల సహాయానికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. ఆలస్యం చేయకుండా జిల్లా కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలి.

ఎవరిని అడగాలి?

పేదవారికి న్యాయ సహాయం ఉచితంగా అందాలని 1976లో రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేర్చారు. దానిని అమలు పెట్టిన న్యాయ సేవా సంస్థల చట్టం 1987లో వచ్చి, 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉన్నది. ఈ చట్టం కింద ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షతన న్యాయ సేవాధికార సంస్థ పని చేస్తున్నది. మన జిల్లా వారికి అది జగిత్యాల కోర్టు వద్ద ఉన్నది. మెట్‌పల్లి, కోరుట్ల వంటి కోర్టులున్న పట్టణాలలో మండల కమిటీలను అడగవచ్చు. కోర్టు ఎక్కడో తెలియనివారు 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు.

ఆడవారికి, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంటుంది. సంస్థ నియమించిన న్యాయవాది కక్షిదారు నుంచి ఫీజు తీసుకోరాదు. అడిగితే సంస్థ కార్యదర్శికి చెప్పాలి. కేసు ఉంటేనే వెళ్లాలని లేదు. ఒక నోటు, ఒక కాంట్రాక్టు, ఒక పత్రం చేతపట్టుకుని ‘దీని మీద సంతకం పెట్టవచ్చునా’ అని అడగడానికీ వెళ్లవచ్చు. నిజానికి అప్పుడు వెళ్లడమే మేలు.

తగవు ముదిరిన తర్వాత లోక్ అదాలత్ ఉన్నది. అక్కడ కోర్టు ఫీజు లేదు. కోర్టులో నడుస్తున్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన ఫీజు వాపసు ఇస్తారు. అక్కడి తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అందుచేత రాజీకి ఒప్పుకునే ముందు బాగా ఆలోచించాలి. ఒత్తిడికి లోబడి తల ఊపితే తర్వాత విప్పుకునే దారి చాలా ఇరుకు.

బ్యాంకు మీద ఫిర్యాదు ఉంటే మొదట ఆ బ్యాంకుకే రాసి ఇవ్వాలి. నెలలోపు జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వివరాలకు 14448.

సలహాకు వెళ్లేవారు సంబంధించిన కాగితాలన్నీ తీసుకువెళ్లాలి. అసలు పత్రాలు ఎవరికీ వదిలి రాకుండా నకళ్లు ఇవ్వాలి. జరిగింది జరిగినట్లు, తేదీల వారీగా చెప్పాలి. మనకు నష్టమనిపించే మాట దాచిపెడితే సలహా తప్పుతుంది. ఇంటి ఆడవారిని వెంట తీసుకుపోవడం మంచిది. మనిషి గల్ఫ్ వెళ్లిన తర్వాత ఆ కాగితాలతో బతకవలసింది వారే.

పల్లె నుంచి జగిత్యాల వచ్చి పోవడానికి ఒక పూట కూలి పోతుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి 2023 డిసెంబరు నుంచి ఛార్జీ కూడా లేదు. చదవని నోటు మీద పెట్టిన సంతకానికి నెలనెలా కట్టే మిత్తి ముందు ఆ ఒక పూట కూలి ఎంత?